ఎవరికి, ఏమిటి: ఇంగ్లిష్ క్రియకు రెండు ఆబ్జెక్టులు వచ్చినప్పుడు వాక్యం కట్టే పద్ధతి

"తమ్ముడికి పుస్తకం ఇచ్చాను" అన్నా, "పుస్తకం తమ్ముడికి ఇచ్చాను" అన్నా, "ఇచ్చాను తమ్ముడికి పుస్తకం" అన్నా తెలుగులో విషయం ఒకటే. పుచ్చుకున్నది ఎవరో "కి" చెప్పేస్తుంది కాబట్టి మాట ఎక్కడున్నా ఇబ్బంది లేదు. ఇంగ్లిష్‌లో నామవాచకానికి అలాంటి ప్రత్యయం లేదు. మాట నిలబడిన చోటే ఆ పని చేస్తుంది. "ఐ గేవ్ మై బ్రదర్ ఎ బుక్" సరైన వాక్యం. అందులోని చివరి రెంటినీ అటూ ఇటూ చేసి "ఐ గేవ్ ఎ బుక్ మై బ్రదర్" అంటే, తమ్ముణ్ణే పుస్తకానికి ఇచ్చినట్టు అవుతుంది.

ఒకప్పుడు ఇంగ్లిష్‌కీ విభక్తులు ఉండేవి. పాత ఇంగ్లిష్‌లో పుచ్చుకునేవాణ్ణి సూచించే ప్రత్యయం వేరు, ఇచ్చే వస్తువును సూచించే ప్రత్యయం వేరు. మధ్యయుగాల్లో ఆ ప్రత్యయాలు క్రమంగా అరిగిపోయాయి. వాటి బరువు కొంత మాటల వరుస మీద, కొంత "టు" లాంటి చిన్న మాటల మీద పడింది. అందుకే ఇవాళ ఒకే విషయం చెప్పడానికి ఇంగ్లిష్‌లో రెండు కట్టుబాట్లు కనిపిస్తాయి. తెలుగువాళ్లు చేసే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చేవే. "కి" వినబడగానే చేయి "టు" రాసేస్తుంది: "గివ్ టు మి ద పెన్", "హి టోల్డ్ టు మి", "ఐ విల్ ఆస్క్ టు హర్". మూడూ తప్పే. అయితే మూడింటికీ కారణాలు వేరు.

మొదటి మెట్టు: రెండు గళ్లు, రెండు కట్లు

క్రియను రెండు ప్రశ్నలు అడగండి. ఏమిటి? ఎవరికి? "షి సెంట్ హిమ్ ఎ లెటర్" లో పంపింది ఏమిటంటే లెటర్. ఎవరికంటే హిమ్. వ్యాకరణ పుస్తకాలు మొదటిదాన్ని డైరెక్ట్ ఆబ్జెక్ట్ అనీ, రెండోదాన్ని ఇండైరెక్ట్ ఆబ్జెక్ట్ అనీ అంటాయి. ఇక్కడ "వస్తువు", "మనిషి" అనుకుందాం. వస్తువంటే చేత్తో పట్టుకునేదే కానక్కర్లేదు. నిజం, సమయం, అవకాశం, ప్రశ్న ఏదైనా ఆ గడిలో కూర్చోవచ్చు.

ఇప్పుడు వాక్యాన్ని రెండు రకాలుగా కట్టవచ్చు.

మొదటి కట్టు: క్రియ, మనిషి, వస్తువు. మధ్యలో ఏ చిన్న మాటా రాదు. "షి సెంట్ హిమ్ ఎ లెటర్."

రెండో కట్టు: క్రియ, వస్తువు, ఆ తర్వాత "టు" గానీ "ఫర్" గానీ, చివర మనిషి. "షి సెంట్ ఎ లెటర్ టు హిమ్."

మనిషి ముందొస్తే "టు" ఉండదు. వస్తువు ముందొస్తే "టు" తప్పదు. "గివ్ టు మి ద పెన్" లో మనిషి ముందుకొచ్చాడు, "టు" కూడా వెంట వచ్చింది. అందుకే తప్పయింది. దాన్ని "గివ్ మి ద పెన్" అని దిద్దవచ్చు, "గివ్ ద పెన్ టు మి" అనీ దిద్దవచ్చు.

మొదటి కట్టులో మనిషి గడికి ఒక షరతు ఉంది. అక్కడ కూర్చునేది నిజంగా పుచ్చుకోగలిగినదై ఉండాలి. "ఐ సెంట్ ద ఆఫీస్ ద ఫామ్" ఒప్పే, ఎందుకంటే ఆఫీసంటే అక్కడి మనుషులు. "ఐ సెంట్ ద స్టేషన్ మై బ్యాగ్" అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. స్టేషన్ అనేది చేరే చోటు, పుచ్చుకునే మనిషి కాదు. చోటైతే రెండో కట్టే: "ఐ సెంట్ మై బ్యాగ్ టు ద స్టేషన్."

రెండో మెట్టు: "టు" పెట్టాలా, "ఫర్" పెట్టాలా

రెండో కట్టులో వచ్చే చిన్నమాటను మన ఇష్టప్రకారం ఎంచుకోలేం, క్రియే నిర్ణయిస్తుంది. అయినా జాబితా బట్టీ పట్టకుండా తేల్చుకునే దారి ఒకటుంది. పుచ్చుకునేవాడు లేకుండా ఆ పని పూర్తవుతుందా అని చూడండి.

ఇవ్వడం, చూపించడం, అమ్మడం, అప్పివ్వడం ఇవేవీ అవతల మనిషి లేకుండా జరగవు. ఇలాంటి క్రియలకు "టు". గివ్, సెండ్, షో, టెల్, టీచ్, లెండ్, సెల్, పే, ఆఫర్, హ్యాండ్, పాస్, ఓ (బాకీ ఉండటం), ప్రామిస్, త్రో ఈ జట్టులోవి.

కొనడం, చేయడం, వండడం, వెతికి పెట్టడం ఒంటరిగా కూడా ముగిసే పనులు. కొన్నాక ఆ వస్తువు ఎవరికి చేరుతుందన్నది తర్వాతి సంగతి. వీటికి "ఫర్". బై, మేక్, కుక్, గెట్, ఫైండ్, బుక్, ఆర్డర్, చూజ్, కీప్, పోర్, బిల్డ్ ఈ వైపు వస్తాయి. "షి బాట్ మి ఎ వాచ్" ను తిప్పితే "షి బాట్ ఎ వాచ్ ఫర్ మి" అవుతుంది. తెలుగులో "అమ్మకి వాచీ కొన్నాను" అని "కి" తోనే అంటాం కాబట్టి "ఐ బాట్ ఎ వాచ్ టు మై మదర్" అని నోటికొచ్చేస్తుంది. చదువుకున్నవాళ్ల ఉత్తరాల్లోనూ ఈ తప్పు దొర్లుతూ ఉంటుంది.

కొన్ని క్రియలు రెండు చిన్నమాటలతోనూ వస్తాయి, అర్థం మాత్రం మారుతుంది. "ఐ రోట్ ఎ లెటర్ టు ద మేనేజర్" అంటే ఉత్తరం మేనేజర్‌కి చేరుతుంది. "ఐ రోట్ ఎ లెటర్ ఫర్ ద మేనేజర్" అంటే మేనేజర్ బదులు నేను రాసిపెట్టాను అనే అర్థమూ వస్తుంది, అప్పుడు ఉత్తరం ఇంకెవరికో వెళ్తుంది. మొదటి కట్టులో "ఐ రోట్ ద మేనేజర్ ఎ లెటర్" అంటే వచ్చేది "టు" అర్థమే. "బ్రింగ్" కూడా రెంటితోనూ నడుస్తుంది, తేడా పెద్దగా తెలియదు. "లీవ్" తో జాగ్రత్త. చీటీయో కబురో పెట్టి వెళ్తే "ఫర్", వీలునామాలో ఆస్తి రాసిస్తే "టు".

మూడో మెట్టు: మొదటి కట్టుకు ఒప్పుకోని క్రియలు

తెలుగువాళ్లను అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. "నాకు ఇవ్వు", "నాకు వివరించు" అన్న రెండు వాక్యాలకీ మనకు రూపం ఒకటే. ఇంగ్లిష్‌లో ఒకటి కాదు. "గివ్ మి ద ఆన్సర్" అనవచ్చు. "ఎక్స్‌ప్లెయిన్ మి ద ఆన్సర్" అనకూడదు. "ఎక్స్‌ప్లెయిన్ ద ఆన్సర్ టు మి" అనాలి.

ఇదే దారిలో నడిచేవి: డిస్క్రైబ్, సజెస్ట్, అనౌన్స్, రిపోర్ట్, మెన్షన్, ఇంట్రడ్యూస్, డొనేట్, డెమాన్‌స్ట్రేట్, రిపీట్, కన్ఫెస్, అడ్మిట్. "డిస్క్రైబ్ మి యువర్ రూమ్" తప్పు, "డిస్క్రైబ్ యువర్ రూమ్ టు మి" ఒప్పు. "ఇంట్రడ్యూస్ మి యువర్ ఫ్రెండ్" తప్పు, "ఇంట్రడ్యూస్ యువర్ ఫ్రెండ్ టు మి" ఒప్పు.

ఈ క్రియలే ఎందుకు మొండికేస్తాయి? గివ్, సెండ్, షో, టెల్ లాంటివి ఇంగ్లిష్‌లో మొదటినుంచీ ఉన్న పొట్టి మాటలు. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, డొనేట్ లాంటివి లాటిన్, ఫ్రెంచ్ దారిలో తర్వాత వచ్చి చేరినవి. మొదటి కట్టు పాత మాటలకే ఎక్కువగా అలవాటైంది. కాబట్టి చెవితో ఒక అంచనా వేయవచ్చు. క్రియ ఒకే అక్షరంగా పలికే పొట్టి మాటైతే మొదటి కట్టుకు ఒప్పుకునే అవకాశం ఎక్కువ. పొడవుగా, పుస్తకాల వాసనతో ఉంటే రెండో కట్టులోనే పెట్టడం క్షేమం. ఇది అంచనా మాత్రమే, సూత్రం కాదు. "పే" ఫ్రెంచ్ నుంచి వచ్చినా మొదటి కట్టులో హాయిగా ఇముడుతుంది. "ప్రామిస్", "గ్యారంటీ" కూడా అంతే. "సే" చూస్తే అచ్చమైన పాత మాట, అయినా ఇమడదు.

అనుమానం వస్తే రెండో కట్టు వాడండి. గివ్ జట్టు క్రియలైనా, ఎక్స్‌ప్లెయిన్ జట్టు క్రియలైనా రెండో కట్టులో దాదాపు ఎప్పుడూ తప్పు కావు. కాస్త బరువుగా వినిపిస్తే వినిపిస్తుంది, అంతే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వస్తువు స్థానంలో ఒక మొత్తం వాక్యమే వస్తే, ఎక్స్‌ప్లెయిన్ జట్టులో "టు మి" క్రియ పక్కకే జరుగుతుంది. "కెన్ యు ఎక్స్‌ప్లెయిన్ టు మి హౌ దిస్ మెషిన్ వర్క్స్?" ఇది తప్పు కాదు. "హౌ దిస్ మెషిన్ వర్క్స్" పొడవాటిది కాబట్టి చివరికి వెళ్లింది, "టు" మాత్రం తన మనిషితోనే ఉండిపోయింది. "హి సజెస్టెడ్ టు మి దట్ వి వెయిట్" కూడా ఇలాంటిదే. "హి సజెస్టెడ్ మి టు వెయిట్" మాత్రం ఒప్పుకోదగింది కాదు. అలా అనాలనుంటే క్రియ మార్చి "హి అడ్వైజ్డ్ మి టు వెయిట్" అనండి.

కబుర్లు పంపే సాధనాల పేర్ల నుంచి పుట్టిన కొత్త క్రియలు మాత్రం పొట్టివైనా పొడవైనా సులువుగా మొదటి కట్టులోకి వచ్చేశాయి. "ఈమెయిల్ మి ద ఫైల్", "టెక్స్ట్ మి ద అడ్రస్", "వాట్సాప్ మి ద ఫోటో" అన్నీ నడుస్తాయి. పంపడం అనే అర్థం స్పష్టంగా ఉండటంతో "సెండ్" నడిచిన దారిలోనే ఇవీ నడిచాయి.

నాలుగో మెట్టు: టెల్, సే, ఆస్క్

ఈ మూడూ రోజుకు ఎన్నిసార్లు వాడతామో లెక్కుండదు. అందుకని విడిగా చూడాలి.

"టెల్" కు పక్కనే మనిషి కావాలి, "టు" అక్కర్లేదు. "హి టోల్డ్ మి ద న్యూస్", "హి టోల్డ్ మి దట్ ద ట్రెయిన్ వాజ్ లేట్". వస్తువు ముందొస్తే మాత్రం "టు" వస్తుంది: "హి టోల్డ్ ద న్యూస్ టు ఎవ్రీవన్". మనిషి లేకుండా "టెల్" వాడేది "టెల్ ద ట్రూత్", "టెల్ ఎ స్టోరీ", "టెల్ ఎ లై" లాంటి కొన్ని జంటల్లోనే.

"సే" కు పక్కన మాట కావాలి, మనిషి కాదు. "హి సెడ్ మి" అన్నది ఎప్పుడూ తప్పే. "హి సెడ్ దట్ ద ట్రెయిన్ వాజ్ లేట్" అనండి. మనిషి ఎవరో చెప్పి తీరాలంటే "హి సెడ్ టు మి" అనండి. ఇంకా మంచిది, అలాంటి చోట "టెల్" కి మారిపోవడం.

"ఆస్క్" కు "టు" పొసగదు. "ఐ ఆస్క్‌డ్ హర్ ఎ క్వశ్చన్" ఒక్కటే సహజమైన రూపం. వస్తువును ముందుపెట్టి "ఐ ఆస్క్‌డ్ ఎ క్వశ్చన్ టు హర్" అని రాసే అలవాటు మనలో బాగా ఉంది. అక్కడ రావలసింది "ఆఫ్", అది కూడా బాగా లాంఛనమైన రాతలోనే కనిపిస్తుంది. డబ్బో సాయమో అడిగితే వస్తువు ముందు "ఫర్" వస్తుంది: "ఐ ఆస్క్‌డ్ హర్ ఫర్ హెల్ప్." తెలుగులో "ప్రశ్న అడిగాను", "సాయం అడిగాను" రెండూ ఒకేలా ఉండటంతో ఈ "ఫర్" జారిపోతుంది.

ఐదో మెట్టు: రెండు కట్లూ ఒప్పే అయితే దేన్ని ఎంచుకోవాలి

వ్యాకరణం రెంటికీ సరే అన్నంత మాత్రాన రెండూ ఒకేలా వినిపించవు. ఇంగ్లిష్ వాక్యంలో చివరి చోటుకు బరువెక్కువ. కొత్త సంగతి అక్కడికి వెళ్తుంది, తెలిసిన సంగతి ముందు ఉంటుంది.

ఒకరు "వాట్ డిడ్ యు గివ్ హర్?" అని అడిగారనుకోండి. ఆమె ఎవరో ఇద్దరికీ తెలుసు, వస్తువే కొత్త. జవాబు "ఐ గేవ్ హర్ ఎ రింగ్". అదే "వేర్ ఈజ్ ద రింగ్?" అని అడిగితే ఉంగరం పాతది, మనిషి కొత్త. జవాబు "ఐ గేవ్ ద రింగ్ టు మై సిస్టర్", లేదా "ఐ గేవ్ ఇట్ టు మై సిస్టర్". ఈ జవాబులను తారుమారు చేసి చెప్పినా అర్థమవుతుంది, కానీ అడిగినదానికి జవాబు పక్కకు పోయినట్టు ఉంటుంది.

రెండోది పొడవు. పొడవైన ముక్క చివరికి వెళ్లాలి. "ఐ గేవ్ ద మ్యాన్ హూ లివ్స్ ఇన్ ద హౌస్ బిహైండ్ అవర్స్ ఎ కీ" అంటే వినేవాడు "కీ" కోసం ఎదురుచూస్తూ మధ్యలో తప్పిపోతాడు. "ఐ గేవ్ ఎ కీ టు ద మ్యాన్ హూ లివ్స్ ఇన్ ద హౌస్ బిహైండ్ అవర్స్" అంటే ఎక్కడా తడబడడు.

మూడోది సర్వనామం. వస్తువు "ఇట్" గానీ "దెమ్" గానీ అయితే రెండో కట్టే వాడండి. "గివ్ ఇట్ టు మి", "షో దెమ్ టు హర్". "గివ్ మి ఇట్" కొందరు మాట్లాడతారు, ఉత్తర ఇంగ్లండ్‌లో "గివ్ ఇట్ మి" కూడా వినిపిస్తుంది. నేర్చుకునేవాళ్లు వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఆరో మెట్టు: మొదటి కట్టు మాత్రమే ఒప్పుకునేవి

ఎక్స్‌ప్లెయిన్‌కు సరిగ్గా ఎదురు తిరిగే క్రియలు కూడా ఉన్నాయి. "ఇట్ కాస్ట్ మి ఎ లాట్ ఆఫ్ మనీ" అనాలి, దానికి "టు మి" రూపం లేదు. "ఇట్ టుక్ మి టూ అవర్స్" అంతే. "నాకు రెండు గంటలు పట్టింది" లోని "కు" ని చూసి "ఇట్ టుక్ టు మి" అనకండి. "ఫైన్", "ఛార్జ్", "బెట్", "ఫర్‌గివ్", "ఎన్వీ" ఇదే తీరు. "విష్" తో "ఐ విష్ యు లక్" అంటాం. శ్రమో సమయమో తప్పించారన్న అర్థంలో "దట్ సేవ్డ్ మి ఎన్ అవర్" అంటాం.

"గివ్" మామూలుగా రెండు కట్లకీ లొంగే క్రియే. అయినా వస్తువు గడిలో వస్తువు కాక ఒక చర్యో ప్రభావమో ఉంటే మొదటి కట్టుకే అతుక్కుంటుంది. "ద నాయిజ్ గేవ్ మి ఎ హెడేక్" బాగుంది, "ద నాయిజ్ గేవ్ ఎ హెడేక్ టు మి" బాగోదు. ఇక్కడ చేయి మారిన వస్తువేమీ లేదు. "గివ్ మి ఎ కాల్", "గివ్ ద డోర్ ఎ పుష్", "గివ్ ఇట్ ఎ ట్రై", "డు మి ఎ ఫేవర్" అన్నిటినీ ఇలాగే ఉంచేయాలి.

ఏడో మెట్టు: ఒక గడి ఖాళీ చేస్తే ఏమవుతుంది

తెలుగులో వస్తువు ఏమిటో తెలిసినప్పుడు దాన్ని వదిలేసి "నాకు పంపించు" అంటాం. ఇంగ్లిష్‌లో "సెండ్ మి" అంటే "నన్ను పంపించు" అని అర్థం. వస్తువు వదిలేస్తే మనిషే వస్తువు గడిలో పడిపోతాడు. "ఐ కుక్డ్ హర్", "ఐ సోల్డ్ హిమ్" లాంటివి ఎంత ఘోరమైన అర్థాలకు దారితీస్తాయో చూడండి. కాబట్టి ఈ క్రియలతో "ఇట్" అయినా పెట్టాలి: "సెండ్ ఇట్ టు మి."

మనిషి ఒక్కడే మిగిలినా ఇబ్బంది లేని క్రియలు కొద్దిగా ఉన్నాయి: టెల్, షో, టీచ్, పే, ఆస్క్. "షో మి", "ఐ పెయిడ్ హిమ్", "షి టీచెస్ చిల్డ్రన్". మనిషిని వదిలి వస్తువును ఉంచడం మాత్రం చాలా క్రియలకు సమ్మతమే.

ఎనిమిదో మెట్టు: పాసివ్, ప్రశ్న

మొదటి కట్టును పాసివ్‌లోకి (కర్మణి వాక్యంలోకి) మార్చితే మనిషి కర్త స్థానంలోకి వస్తాడు: "ఐ వాజ్ గివెన్ ఎ రూమ్." రెండో కట్టును మార్చితే వస్తువు వస్తుంది: "ద రూమ్ వాజ్ గివెన్ టు మి." మాట్లాడేటప్పుడు మొదటిదే ఎక్కువ. "నాకు గది ఇచ్చారు" ను పట్టుకుని "టు మి ఎ రూమ్ వాజ్ గివెన్" అని మొదలుపెట్టకండి.

మొదటి కట్టు లేని క్రియకు మనిషితో మొదలయ్యే పాసివ్ కూడా ఉండదు. "ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ద రూల్స్" అందుకే తప్పు. "ద రూల్స్ వర్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మి" ఒప్పు. "ఫర్" జట్టులో వస్తువుతో మొదలుపెట్టడమే నిలకడైన దారి: "ద టికెట్స్ వర్ బాట్ ఫర్ అస్."

మనిషి ఎవరని అడిగేటప్పుడు చివరి "టు" ను మరిచిపోకండి. "హూ డిడ్ యు గివ్ ద కీ టు?" లో ఆ చివరి "టు" తీసేస్తే ప్రశ్న కుంటుతుంది. "ద మ్యాన్ ఐ సోల్డ్ ద బైక్ టు" లాంటి పదబంధాల్లోనూ అంతే.

రెండు ఆబ్జెక్టుల్లా కనిపించి కానివి

"షి మేడ్ హిమ్ టీ" లో టీ వేరు, అతను వేరు. "షి మేడ్ హిమ్ కెప్టెన్" లో అతనే కెప్టెన్. రెండోది ఈ కోవలోది కాదు, దానికి "ఫర్ హిమ్" రూపం లేదు. మధ్యలో "అంటే" పెట్టి చూడండి. "అతను అంటే కెప్టెన్" అన్న అర్థం కుదిరితే అది బిరుదో వర్ణనో.

"ప్రొవైడ్", "సప్లై" లకు మనిషి ముందొస్తే వస్తువు ముందు "విత్" పెట్టాలి: "దే ప్రొవైడెడ్ అస్ విత్ బ్లాంకెట్స్." "ఇన్‌ఫామ్" కు "ఆఫ్" లేదా "అబౌట్": "హి ఇన్‌ఫామ్డ్ మి ఆఫ్ ద చేంజ్."

దిద్దుకునే అభ్యాసం

కింది తప్పులను పైకి చదివి, ఏ మెట్టు దగ్గర జారిందో ముందు మీరే పట్టుకోండి. ఆ తర్వాత దిద్దుబాటు చూడండి.

"ప్లీజ్ టెల్ టు హిమ్ ద టైమ్." మనిషి ముందున్నాడు, "టు" తీసేయాలి: "ప్లీజ్ టెల్ హిమ్ ద టైమ్."

"ఐ కుక్డ్ డిన్నర్ టు దెమ్." వంట ఒంటరిగా పూర్తయ్యే పని: "ఐ కుక్డ్ డిన్నర్ ఫర్ దెమ్."

"కెన్ యు సజెస్ట్ మి ఎ గుడ్ డాక్టర్?" సజెస్ట్‌కు మొదటి కట్టు లేదు. "కెన్ యు సజెస్ట్ ఎ గుడ్ డాక్టర్?" చాలు, అడుగుతున్నది మీరే కాబట్టి "టు మి" కూడా అక్కర్లేదు.

"హి బారోడ్ మి హిస్ బైక్." బారో అంటే తీసుకోవడం, ఇవ్వడం కాదు. ఇచ్చింది అతనైతే "హి లెంట్ మి హిస్ బైక్". తీసుకున్నది నేనంటే "ఐ బారోడ్ హిస్ బైక్ ఫ్రమ్ హిమ్".

"ద కీస్ ఆర్ విత్ మి, ఐ విల్ గివ్ హర్ దెమ్." వ్యాకరణం ప్రకారం ఫర్వాలేదు, కానీ రెండూ సర్వనామాలే: "ఐ విల్ గివ్ దెమ్ టు హర్."

"వి వర్ ఎక్స్‌ప్లెయిన్డ్ దట్ ద ఆఫీస్ ఈజ్ క్లోజ్డ్." ఇక్కడ క్రియ మార్చడమే తేలిక: "వి వర్ టోల్డ్ దట్ ద ఆఫీస్ ఈజ్ క్లోజ్డ్."